జపాను క్యాసెట్టు, కోడి కార్జం

మొన్న ఆదివారం ఎండపొడలో కూర్చుని చాయ్ తాగుతుంటే హైదరాబాదు నుంచి మా బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, మన పడవాయన పిక్చర్ దొరికిందే. డిస్కులు అమ్ముతున్రు. మూడు తీర్లున్నయ్. ఒకటి జపానోళ్లదే, ఒకటి విలాయతోళ్లు తీసింది, ఇంకోటి పాత రీళ్లను కడిగి తుడిచి కొత్తగ తెచ్చిన్రట. ఏది తెప్పియ్యాలె?" అంది. ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టిన మనిషిని ఇంజనీరు బిడ్డ సలహా అడగడం రోజూ జరిగే పని కాదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయాను. అంతలో అది "చిన్నబాపును సుత అడిగిన, ఆయనేమన్నడంటే" అని ఇంకేదో చెప్పబోయింది. నేను విననేలేదు. "ఆయన్ను అడిగినంక నన్నెందుకు, ఆయన చెప్పిందే తెప్పించుకో" అని ఫోన్ పెట్టేశాను. లోపల్నుంచి మా ఆవిడ తొంగిచూసి, "ముసలోనివైనా నీ కడుపుల మంట సల్లారదు గదా. దాని మీద పెట్టినా ఇంకో చాయ్ కాగుతది" అని మళ్లీ వంటింట్లోకి పోయింది.

చిన్నబాపు అంటే మా సడ్డకుడు. కోస్తావాళ్లయితే తోడల్లుడంటారు. నా భార్య చెల్లెలి మొగుడు. మంచివాడు. ఈ మాట నేను అనడానికి ఇన్నేళ్లు పట్టింది కాబట్టి చదివేవాళ్లు కొంచెం గౌరవంగా చదవాలి. వాడు మంచివాడు కావడమే అప్పట్లో నాకు అసలు బాధ. చెడ్డవాడైతే ఒక తిట్టుతో పని అయిపోయేది. మంచివాణ్ణి చూసి కుళ్లుకోవాలంటే కష్టపడాలి, దానికి ఓపిక కావాలి, రోజూ సాధన చెయ్యాలి. నేను చేశాను.

బడికి దండం పెట్టానన్నాను కదా, నిజానికి ముందు దండం పెట్టింది బడే. అరవై తొమ్మిదిలో గొడవలొచ్చి కరీంనగర్‌లో బడులన్నీ బందయ్యాయి. మళ్లీ తెరిచినప్పుడు అందరూ పోయారు, నేను పోలేదు. అప్పటికే నాకు రిక్షాలో కూర్చుని మైకు పట్టుకునే పని దొరికింది. టాకీసులో కొత్త పిక్చర్ వస్తే రిక్షాకు రెండు పక్కలా బొమ్మలు కట్టుకుని, కాగితాలు ఎగరేస్తూ, "మూడు గంటలు నవ్వు, ఒక గంట ఏడుపు, ఏడుపుకు టికెట్ లేదు" అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. పిక్చర్ నేను చూసేది తర్వాత. చెప్పేది మాత్రం ముందు. నేను చెప్పిన కథకూ తెరమీది కథకూ పొత్తు కుదరకపోయినా జనం ఏమీ అనేవాళ్లు కాదు. కొందరైతే నేను చెప్పిందే బాగుందనేవారు. అట్లా పిక్చర్ చెప్పడం నా వృత్తి, నా సొత్తు, బాజాప్తాగా నా జాగీరు. తర్వాత ఎనభైల్లో ఇంటింటికీ టీవీలు వస్తున్న రోజుల్లో బస్టాండు దగ్గర ఒక మడిగె తీసుకుని క్యాసెట్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టాను. వేములవాడ జాతరకొచ్చినవాళ్లు సైతం బస్సు ఆలస్యమైతే నా దుకాణం ముందు నిలబడి, అద్దంలోంచి ఆడుతున్న బొమ్మ చూసి పోయేవారు. దేవుడు మొక్కులు తీరుస్తాడు, నేను పొద్దు తీరుస్తాను, ఇద్దరిదీ ఒకటే లైను అని వాళ్లతో పరాచికమాడేవాణ్ణి.

మా అత్తగారిల్లు లక్సెట్టిపేట దగ్గర, గోదావరి కనపడేంత దూరంలో. మామ భూములున్న మనిషి, మాటలు లేని మనిషి. ఆయన నోట్లోంచి ఒక మాట రావాలంటే వానాకాలం పంట ఇంటికి రావాలి. నేను ఎంత పెద్ద జోకు వేసినా మీసం కింద ఎక్కడో కొంచెం కదిలినట్టుండేది, అది నవ్వో, పంటి నొప్పో తెలిసేది కాదు. కానీ ఆ ఇంట్లో పెద్దల్లునికి ఒక మర్యాద ఉండేది. కోడిని కోస్తే కార్జం పెద్దల్లుని పళ్లెంలో పడాలి. ఒక కోడికి ఒకటే కార్జం. అత్త గంటెతో కూరంతా కలియబెట్టి, వెతికి, దాన్ని పట్టి తెచ్చి నా అన్నం మీద పెట్టేది. అందరూ చూస్తుండగా పెట్టేది. నాకు నిజానికి కార్జం అంత ఇష్టం లేదు, మెడ ముక్క ఇష్టం. అయినా కళ్లు మూసుకుని తినేవాణ్ణి. సర్పంచికి కుర్చీ మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని ఎవరైనా అడుగుతారా.

మరదలి పెళ్లయింది. చిన్నల్లుడు ఐటీఐ చదివినవాడు, కరెంటు పని తెలిసినవాడు. పెళ్లైన కొన్నాళ్లకే దుబాయి పోయాడు. అక్కడ ఒక జపాను కంపెనీ వాళ్లు నీళ్ల ప్లాంటు కడుతుంటే అందులో చేరాడు. వాడు అక్కడున్నంత కాలం నాకు ఏ ఫికరూ లేదు. ఎడారి అవతల ఉన్నవాని మీద ఎవరికీ అసూయ రాదు, కొంచెం జాలి కూడా చూపించవచ్చు. నేను చూపించాను. సెలవు మీద వచ్చినప్పుడే మొదలైంది అసలు సంగతి. అత్తగారింటికి ఒక కలరు టీవీ తెచ్చాడు, వీసీఆర్ తెచ్చాడు, దాంతోపాటు ఒక సంచి నిండా క్యాసెట్లు తెచ్చాడు. క్యాసెట్లంటే నాకు భయం లేదు, నా దగ్గర గోడ నిండా ఉన్నాయి. కానీ ఇవి జపాను క్యాసెట్లు. అక్కడి టీవీలో వారం వారం పాత జపాను పిక్చర్లు వేస్తుంటే క్యాంపులో కూర్చుని రికార్డు చేసుకున్నాడట. పని చేయించే జపాను దొరలు వాటిని చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవారట. "నలుపు తెలుపే గని మామా, మన కలరు పిక్చర్లు గీటి ముందట దేనికీ పనికిరావు" అన్నాడు వాడు. అప్పుడు నేను అక్కడే కూర్చున్నాను, మన కలరు పిక్చర్లు కిరాయికిచ్చి బతికేవాణ్ణి.

ఆ పగలు అన్నాలయ్యాక ఒక క్యాసెట్ పెట్టాడు. దాని పేరు జపాను అక్షరాల్లో ఉండటం వల్ల మా ఇంట్లో ఇప్పటికీ అది పడవాయన పిక్చరే. ఒక పెద్ద నది. ఒక ముసలాయన పడవ నడుపుతుంటాడు. ఊరివాళ్లు నది మీద వంతెన కడుతుంటారు. అంతే కథ. కింద అరబ్బీ అక్షరాలు పరుగెత్తుతున్నాయి. వాటిని చదివి మా సడ్డకుడు మామకు తెలుగులో చెబుతున్నాడు. మామ గోదావరి ఒడ్డు మనిషి కదా, చిన్నప్పుడు పడవ మీదే అవతలికి పోయి చుట్టాలను చూసి వచ్చినవాడు. నది కనపడగానే మంచం మీద నుంచి లేచి వచ్చి టీవీ ముందు కింద కూర్చున్నాడు. నేను పెళ్లైనప్పటి నుంచి ఆయన కింద కూర్చోవడం చూడలేదు.

తెరమీద ముసలాయన నీళ్లను చూసి "హాఁ" అన్నాడు. మా సడ్డకుడు వెంటనే అందుకున్నాడు. "ఏమంటుండంటే మామా, గీ నీళ్లల్ల మా తాత చెమట ఉన్నది, మా అయ్య పాట ఉన్నది, నాకు ముందు ఎవ్వరు లేరు, ఎనుక ఎవ్వరు లేరు, గీ వంతెన కడితె నేనేడికి పోవాలె అంటుండు." నేను ఊరుకోలేకపోయాను. "ఒక్క హాఁల గంత కథ ఎట్ల వట్టింది తమ్మీ?" అన్నాను. ఇల్లంతా నవ్వడానికి నోరు తెరిచింది. వాడు తల కూడా తిప్పకుండా, "జపానోళ్లు ఏదైనా చిన్నగనే చేస్తరు అన్నా. ట్రాన్సిస్టర్ సూడలేదా" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. పళ్లు కనపడేట్టు నవ్వాడు. ఆ ఇంట్లో నా జోకుకు నవ్వడానికి తెరిచిన నోళ్లన్నీ వాని జోకుకు నవ్వి మూసుకున్నాయి. ఎవరైనా నా జేబులోంచి రుమాలు తీసి నా ముందే మూతి తుడుచుకున్నట్టనిపించింది.

పిక్చర్ అట్లాగే నడిచింది. వంతెన పూర్తయింది. మరునాడు దాన్ని తెరుస్తారు. పొద్దున్నే ముసలాయన కొత్తబట్టలు కట్టుకుని ఒడ్డు దిగుతున్నాడు. దిగుతూ దిగుతూ ఉండగానే బొమ్మ పోయింది. తెరనిండా చీమలు పాకాయి. ఎవరూ కదల్లేదు. సడ్డకుడు నిదానంగా లేచి వీసీఆర్ ఆపి, "అంతే మామా, ఖతం. జపానోళ్ల పిక్చర్లు గిట్లనే ఉంటయ్. ఏమైందో మనమే సోంచాయించుకోవాలె" అన్నాడు. నేను క్యాసెట్ల వ్యాపారిని. డబ్బా అద్దంలోంచి చూస్తే తెలుస్తుంది, టేపు ఒక చక్రం మీది నుంచి మొత్తం ఖాళీ అయి రెండో చక్రానికి చుట్టుకుని ఉంది. పిక్చర్ పొడుగు, టేపు పొట్టి. అంతే సంగతి. "ఖతం కాలేదు మామా, టేపు ఒడిసింది" అన్నాను. అందరూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. జాతర్లో దేవుని ఊరేగింపుకు అడ్డమొచ్చిన బర్రెను అట్లా చూస్తారు. అత్త నెమ్మదిగా, "పోనీ బిడ్డా, ఆయన పాపం గంత దూరం నుంచి తెచ్చిండు" అంది. మా ఆవిడ నా తొడ మీద గిల్లింది. ఆ రాత్రి భోజనాలప్పుడు కార్జం నా పళ్లెంలో పడలేదు. గంటె నా ముందు నుంచి సాగిపోయి, మరో పళ్లెం మీద ఒరిగింది. అత్త నా వైపు చూడకుండా, "దుబాయిల గివన్ని ఏడ దొరుకుతయ్" అంది. నాకు మెడ ముక్క పడింది. నాకిష్టమైన ముక్కే. గొంతు దిగలేదు.

ఆ పిక్చర్ ఆ ఇంట్లో అయిపోలేదు, అది వచ్చిన చిక్కు. మామ మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాడు. మాటలు లేని మనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు, అదీ చిన్నల్లునితో. ముసలాయన ఏమై ఉంటాడని. సడ్డకుడు నీళ్లలో దూకి ఉంటాడన్నాడు. అత్త, వంతెన కాడ కావలికి పెట్టుకుని ఉంటారంది. మా ఆవిడ పడవను కాల్చి ఉంటాడంది, ఆమెకు దేన్నైనా కాల్చడమంటే ఇష్టం. మామ మాత్రం ఏదీ ఒప్పుకోకుండా, "కాదు, ఇంకేదో ఉన్నది" అనేవాడు. నేను కరీంనగర్ నుంచి ఎప్పుడు పోయినా ఇదే ముచ్చట. నన్ను మాత్రం ఎవరూ అడగరు, ఎందుకంటే నేను టేపు ఒడిసిందన్నవాణ్ణి. సడ్డకుడు మళ్లీ దుబాయి పోయినా ఆ ఇంట్లో వాని కుర్చీ ఖాళీ కాలేదు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఆ పిక్చర్ ఖతాన్ని తేవాలి, ఆ టీవీలోనే వెయ్యాలి, కార్జాన్ని దాని పాత స్థలానికి పంపాలి.

పేరు తెలియని పిక్చర్‌ను వెతకడం ముఖం తెలియని పిల్లకు సంబంధం చూడటం వంటిది. హైదరాబాదులో నాకు క్యాసెట్లు వేసే సేటుకు చెప్పాను, జపాను పిక్చరు, నది, పడవ, ముసలాయన, వంతెన అని. అతను పడవ ఉన్న ప్రతి జపాను పిక్చరూ పంపాడు. ఒకదాంట్లో పడవ ఉంది గాని అందులో మనుషులు మొత్తం కత్తులతో నరుక్కుని చచ్చారు. ఒకదాంట్లో ముసలాయన ఉన్నాడు గాని ఆయనకు నలుగురు భార్యలు. ఒకటి మొత్తం వానే. వాటన్నిటినీ దుకాణంలో పెట్టుకుని చూశాను. బొంబాయి నుంచి వచ్చిన ఒకదాంట్లో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు, తెరమీద చూస్తే ఇద్దరివీ ముక్కులే ఉన్నాయి. చెవులు బయటెక్కడో పడిపోయాయి. పెద్ద తెరకు తీసిన బొమ్మను చిన్న టీవీకి సరిపెట్టడానికి రెండు పక్కలా కోస్తారని అప్పుడే తెలిసింది. మెల్లగా నాకు కాపీల మీద చదువు వచ్చింది. ఏది టీవీ నుంచి పట్టింది, ఏది కాపీకి కాపీ, ఏది అసలు కంపెనీ డబ్బా, చేతిలో పట్టుకుంటేనే చెప్పగలిగేవాణ్ణి. ఇంకొక అలవాటు కూడా వచ్చింది. ఏ క్యాసెట్ వచ్చినా మొదలు చూసేవాణ్ణి కాదు, ముందు చివరిదాకా తిప్పి ఖతం ఉందో లేదో చూసేవాణ్ణి. హుస్నాబాద్ నుంచి ఒక పత్తి వ్యాపారి వచ్చేవాడు, నేనట్లా చివరలు మాత్రమే చూస్తుంటే, "నువ్వు బువ్వ సుత మజ్జిగతోనే మొదలువెడ్తవా" అని అడిగాడు. కుళ్లుతో మనిషి చెడిపోతాడంటారు. నేనైతే చదువుకున్నాను. బడి చెప్పలేనిది నాకు సడ్డకుడు చెప్పాడు, వానికి తెలియకుండా.

చివరికి హైదరాబాదులో బయటిదేశాల పిక్చర్లు చూసుకునే సంఘంలోని ఒక రిటైరైన ఆఫీసరు దగ్గర దొరికింది. నేను కథ సగం చెప్పకముందే ఆయన లేచి బీరువాలోంచి తీశాడు. జపానులోనే తయారైన డబ్బా, మీద పడవ బొమ్మ, లోపల కింద ఇంగ్లీషు అక్షరాలు. "ఇట్లాంటిది ఇంకెక్కడా దొరకదు, పక్కలు కొయ్యలేదు" అని, పసిపిల్లను ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దుకాణంలో వీసీఆర్‌లో పెట్టాను. బొమ్మ గిరగిరా కిందికి జారిపోతోంది, మళ్లీ పైనుంచి దిగుతోంది. జపాను టేపు లెక్క వేరట, మన మెషిన్ల లెక్క వేరట. రెండూ ఆడించే మెషిను కావాలి. అది కరీంనగర్‌లో ఎవరి దగ్గరా లేదు. లక్సెట్టిపేటలో మా అత్తగారింట్లో ఉంది, మా సడ్డకుడు దుబాయి నుంచి తెచ్చింది. శత్రువును కొట్టడానికి వాని ఇంటికే పోయి కట్టె అడుక్కోవడమంటే ఇదే. పైగా ఆ మెషిను మీట తిప్పడం వానికొక్కనికే తెలుసు. మళ్లీ వాడు సెలవు మీద వచ్చేదాకా ఆగాను. అంతకు ముందు వాడు రావాలని నేను ఎదురుచూసింది ఎప్పుడూ లేదు.

వాడు వచ్చాక పిక్చర్ పెట్టిన రోజు పగటిపూట కరెంటు ఉంది, అది కూడా ఒక శకునమే. మామ, అత్త, అక్కాచెల్లెళ్లు, అల్లుళ్లం మేమిద్దరం. సడ్డకుడు డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి మాల్ తెచ్చినవే అన్నా" అన్నాడు. మెచ్చుకున్నాడో, ఎత్తిపొడిచాడో తెలియక కడుపు ఇంకా మండింది. మీట తిప్పాడు. బొమ్మ నిలబడింది. పైనా కిందా నల్లటి పట్టీలు, నడుమ బారుగా బొమ్మ. మామ ముఖం చిట్లించాడు. "గిదేంది అల్లుడా, సగం పిక్చరే ఉన్నది. కింద మీద నల్లగుడ్డ కట్టిన్రు" అన్నాడు. "సగం కాదు మామా, గిదే పూరా. అగ్గువ మాల్‌ల పక్కలు కోసి మీదికి గుంజుతరు" అన్నాను. సడ్డకుడు, "అన్న తెచ్చిన పిక్చర్ జర మొగమాటంగ మొఖం కప్పుకున్నది, అన్న లెక్క లేదు" అన్నాడు. మళ్లీ నవ్వులు. నేను పళ్లు కొరుక్కున్నాను, ఖతం రానీ బిడ్డా అనుకున్నాను.

నది వచ్చింది, పడవ వచ్చింది. అప్పుడు మామ చెయ్యి ఎత్తాడు. "ఆగు. గా కుక్క ఏడిది?" అన్నాడు. పడవ ముందుకొసన ఒక కుక్క కూర్చుని ఉంది. బక్క కుక్క, చెవి ఒకటి విరిగింది. దుబాయి క్యాసెట్లో అది లేదు. ఇంట్లో అందరం ఆ పిక్చర్ ఎన్నిసార్లు చూశామో, ఒక్కసారీ ఆ కుక్కను చూడలేదు. తెర కొసన కూర్చున్న జీవాన్ని పక్కలతోపాటు కోసేశారు. తర్వాత ప్రతి చోటా ఉంది. ముసలాయన బువ్వ తింటుంటే ఉంది, వంతెన మేస్త్రీలతో కొట్లాడుతుంటే ఉంది, వానలో పడవ కింద ఆయనతో పాటే ఒదిగి ఉంది. అరబ్బీ కథలో ముందు వెనుక ఎవరూ లేని మనిషికి ఇంతకాలం ఒక కుక్క తోడుండె. సడ్డకుడు ఒక్క గడియ బిత్తరపోయాడు. కానీ వాడు సామాన్యుడు కాదు. "గా కుక్క ఆయన భార్య పెంచింది మామా. ఆమె పోయినంక గిదే ఇంటికి పెద్ద" అని అప్పటికప్పుడు అల్లాడు.

తర్వాత ముసలాయన ఆకాశం చూసి ఒక మాట అన్నాడు. కింద ఇంగ్లీషులో చిన్న ముక్క పడింది, చీమంత. సడ్డకుడు మాత్రం అలవాటు కొద్దీ గోదారంత పొడుగు చెప్పాడు. మబ్బులు, తాతలు, చెమట, పాట అన్నీ వచ్చాయి. మా మరదలు బి.ఏ. చదివింది. నేను వంగి, "ఏం రాసిందమ్మా కింద?" అని మెల్లగా అడిగాను. ఆమె మొగుని వైపు చూసింది, నా వైపు చూసింది. "వాన వస్తదట బావా" అంది, వినపడీ వినపడకుండా. అని, ఒళ్లో చేతులు రెండూ కలిపి పట్టుకుంది. దండం పెట్టినట్టా, ఊరికే పట్టుకున్నట్టా అంటే చెప్పలేను. నాకు మాత్రం అర్థమైంది. ఇన్నాళ్లూ వాడు అరబ్బీ చదవలేదు, ఇంగ్లీషూ చదవడం లేదు. రిక్షాలో మైకు పట్టుకుని నేను చేసిన పనే వాడు మా మామ ముందు చేస్తున్నాడు, నాకంటే బాగా చేస్తున్నాడు. నా నాలుక మీదికి ఎంత మంచి మాట వచ్చిందో ఇప్పుడు చెప్పినా మీరు నవ్వుతారు. నోరు తెరిచాను. మామ తెర మీది నుంచి చూపు తిప్పకుండానే నా మోకాలి మీద చెయ్యి వేశాడు. వేసి తియ్యలేదు. నోరు మూసుకున్నాను. ఆ మాటను అప్పటి నుంచి ఎక్కడా వాడలేదు, అట్లాగే మడిచిపెట్టి ఉంది.

ఖతం వచ్చింది. కొత్తబట్టలు కట్టుకున్న ముసలాయన ఒడ్డు దిగాడు, ఈసారి చీమలు రాలేదు. వంతెన మీద బాజాలు, జెండాలు, జనం ఈ కొస నుంచి ఆ కొసకు పోతున్నారు. ఆయన పైకి ఒకసారి చూశాడు. పడవ విప్పాడు. కుక్క ఎక్కి దాని తావున కూర్చుంది. ఆయన వంతెన కింది నుంచి మెల్లగా, ఎప్పటి వలెనే, అవతలికి పడవ నడిపాడు. అవతల ఎవరూ లేరు. కుక్క దిగింది, అటూ ఇటూ తిరిగింది, మళ్లీ ఎక్కింది. ఆయన తిప్పుకుని వచ్చాడు. ఒక్క మాట లేదు, కింద ఒక్క అక్షరం లేదు. సడ్డకునికి చెప్పడానికి ఏమీ దొరకలేదు. వాని వైపు చూశాను, ఎగతాళి చేద్దామనే చూశాను. వాడు ముందుకు వంగి, నోరు కొంచెం తెరిచి, చిన్న పిల్లవాని వలె తెరను చూస్తున్నాడు. ఖతం ఏమైందో వానికీ తెలియదు కదా. నీళ్లలో దూకాడని చెప్పినవాడు, దూకలేదని తెలిసి అందరికంటే ముందు ఊపిరి పీల్చుకున్నాడు. మామ లేస్తూ, "ఒక్కడే అనుకున్నం గద" అన్నాడు. అంతే.

చేతులు కడుక్కోవడానికి వాకిట్లోకి పోయినప్పుడు మామకు నేను చెంబుతో నీళ్లు పోశాను. ఆయన నెమ్మదిగా అన్నాడు. "వానికి అరబ్బీ రాదని నాకు మొదటి నాడే తెలుసు. సాయిబులు కిత్తాబు కుడి నుంచి ఎడమకు సదువుతరు, చిన్నప్పటి సంది చూస్తున్న. వీని కండ్లు ఎడమ నుంచి కుడికి ఉరుకుతుండె." "మరి ఎందుకూకున్నవ్ మామా?" అన్నాను. "మంచిగ చెప్తుండు. బొమ్మ నాకు సమజైతనే ఉన్నది, వాడు చెప్పేది ఇంకో పిక్చరు. ఒక్క పొద్దుకు రెండు పిక్చర్లు" అని, చెయ్యి తుడుచుకుంటూ ఆగాడు. "నువ్వు టేపు ఒడిసిందన్న నాడే నిజమనుకున్న. నీకు మా ఇంట్ల ఎవ్వలు చెప్పుతే కార్జం తింటున్నవో నాకు తెల్వదు గని అల్లుడా, నువ్వది తినేటప్పుడు నీ మొఖం చూసిన. చేదు మందు తాగినట్టు తింటవ్." నా జీవితంలో ఎవరైనా నన్ను అంత దగ్గరగా చూశారని అప్పటిదాకా నాకు తెలియదు. మాటలు లేని మనిషికి కళ్లు ఎక్కువుంటాయి కాబోలు.

పళ్లాల ముందు కూర్చున్నాం. అత్త గంటెతో కార్జాన్ని పట్టింది. పట్టి, పెద్దల్లుని వైపా, చిన్నల్లుని వైపా అని గాలిలో ఆగింది. సడ్డకుడు, "అన్నకే పెట్టు అత్తా, పిక్చర్ ఆయన తెచ్చిండు" అన్నాడు. నేను, "తమ్మికే పెట్టు, ఆయన చెప్పిండు" అన్నాను. ఇద్దరమూ ఒకరికొకరు మర్యాద చేసుకోవడం అదే మొదలు, అందులోనూ పోటీయే. మామ తన పళ్లెం ముందుకు జరిపి, "ఇటు తే. ఇయ్యాల నేను తింట. కోడి నాది" అన్నాడు. అత్త పెట్టింది. ఆయన ఎంత ఇష్టంగా తిన్నాడంటే, ఇన్నేళ్లూ మా కోసం దాన్ని వదులుకున్నాడని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

ఆ తర్వాత కుళ్లు పోయిందా అంటే పోలేదు. తొంభైల్లో కేబుల్ వచ్చి నా దుకాణం మూతపడింది, వాడు దుబాయి నుంచి వచ్చి మంచిర్యాలలో కరెంటు సామాన్ల దుకాణం తెరిచాడు, అది మూతపడలేదు. ఇల్లు కట్టాడు, నా ఇంటికంటే ఒక అరుగు ఎక్కువ. మామ పోయినప్పుడు వాడే ఎక్కువ ఏడ్చాడు, దానికీ నాకు కుళ్లే. దుకాణం ఎత్తేసినప్పుడు గోడ నిండా ఉన్న క్యాసెట్లలో చాలా వాటికి బూజు పట్టింది. ఆఫీసరు డబ్బాను మాత్రం అంతకు ముందే ఆయనకు తిరిగి ఇచ్చి వచ్చాను. ఇచ్చేటప్పుడు నేనూ రెండు చేతులతోనే ఇచ్చాను.

చాయ్ చల్లారింది. ఫోన్ తీసి బిడ్డకు చేశాను. "ఇందాక చిన్నబాపు ఏమన్నడన్నవ్?" అని అడిగాను, ఏదో పని మీద అడిగినట్టు. "నువ్వు ఇననిస్తెనా. నాకేం తెలుస్తది బిడ్డా, మీ బాపునడుగు, ఏ డిస్కుల కుక్క ఉంటదో ఆయనకే తెలుసు అన్నడు" అంది. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాను. తర్వాత చెప్పాను. జపానోళ్లది వద్దు, కింద మనకు చదవొచ్చే అక్షరాలు ఉండవు. విలాయతోళ్లది పక్కలు కోశారో లేదో కనుక్కో, నల్ల పట్టీలుంటే మంచిది, భయపడకు. కడిగి తుడిచిన దాంట్లో చివరిదాకా తిప్పి చూడకుండా కొనకు. అన్నీ చెప్పి, "కింద అక్షరాలు బంద్ చేసుకునే సౌలతు ఉంటే గదే తెప్పించు" అన్నాను. "అక్షరాలు బంద్ చేస్తే ఎట్ల సమజైతది బాపూ?" అంది. "చిన్నబాపును పిలుస్తం గదా" అన్నాను.

ఖతం ఏమిటో తెలిసిన పిక్చరే మళ్లీ మళ్లీ చూడాలనిపించే వయసు ఒకటి వస్తుందని ఆ రోజుల్లో నాకెవరైనా చెప్పి ఉంటే, అది నాకంటే ముందు ఆ చెప్పినవానికి తెలిసిందని వాని మీద కూడా కుళ్లుకునేవాణ్ణి.